తండ్రుల జాబితాలో మొదటి పేరు

మార్చి 2, 1955, బుధవారం

జమాఖర్చుల పుస్తకం షాపులో ఉంటుంది. అందులో పట్టనివి ఇందులో రాస్తున్నాను. రోజుకు నాలుగు వరుసలు చాలు.

సాయంత్రం మౌలాలి కొడుకు అలీ అహ్మద్ వచ్చాడు. మౌలాలి ప్రొద్దుటూరులో నేను గుమాస్తాగా ఉన్న జౌళి షాపు అరుగు మీద మిషను పెట్టుకుని కుట్టే దర్జీ. కొడుకు కర్నూలులో బి.ఏ. చదువుతున్నాడు. వెంట ఇద్దరు ఆడవాళ్లు. ఒకామె నిర్మలమ్మ, బళ్లారి. బళ్లారి ఏడాదిన్నర కిందటిదాకా మనతోనే ఉండేది, ఇప్పుడు మైసూరు రాష్ట్రం. రెండో ఆమె పొన్నమ్మ, సిలోన్‌లో జాఫ్నా. ముగ్గురికీ పాతికేండ్లు లేవు. మద్రాసులో ఏదో విద్యార్థుల సభలో కలిశారట. అయిదో తరగతితో మానేసిన ఆడపిల్లలను హైస్కూలుకు పంపడం వీళ్ల పని. నిరుడు నిర్మలమ్మ జాఫ్నాలో మూడు నెలలు ఉండి ఈ పనే చేసిందట. ఈసారి పొన్నమ్మ ఇక్కడికి వచ్చింది. జమ్మలమడుగులో ఒక ఇల్లు తీసుకున్నారు. జూన్‌లో పల్లెల పిల్లలకు అది హాస్టలు అవుతుందట.

నా దస్తూరి బాగుంటుందని మౌలాలి చెప్పాడట. మౌలాలికి చదువు రాదు.

రాత వరకే అని ఒప్పుకున్నాను. నాలుగు వరుసలు దాటింది.

మార్చి 6, ఆదివారం

జమ్మలమడుగు వెళ్లి ఊళ్ల పట్టీ రాసి ఇచ్చాను. ఏ ఊళ్లో ఏ ఇంట్లో ఎన్నేండ్ల ఆడపిల్ల ఉందో నన్ను అడిగారు. ఇరవై రెండేండ్లుగా పెండ్లి చీరలు కోసి ఇస్తున్నాను కాబట్టి పెండ్లయిన వాళ్ల సంగతి తెలుసు. మిగిలిన వాళ్లు తీసివేతలో తేలారు.

మార్చి 13, ఆదివారం

జమ్మలమడుగుకు అయిదు మైళ్లలో వంకమర్రి. ముగ్గురితో ఎవరూ మాట్లాడడం లేదని నన్ను పిలిచారు. రాసేవాడు లేకపోతే చెప్పేవాళ్లు చెప్పరని అలీ అన్నాడు. అందులో న్యాయం ఉంది. వెళ్లాను.

ఊరు రెండు భాగాలు. పడమర వీధి ఆదినారాయణ రెడ్డిది, తూర్పు వీధి నారాయణ రెడ్డిది. ఇద్దరూ దాయాదులు. మొన్నటి ఎన్నికల నుంచి ఒకరి వీధిలో ఒకరు నడవరు.

ముందు ఆదినారాయణ రెడ్డి ఇంటికి పోయాము. ఆయన మంచం మీద కూర్చొని నన్నే చూశాడు.

"సామీ, నువ్వు గుడ్డలమ్మేటోనివి. ఆడపిల్లల సదువుతో నీకేం పని?"

"రాయడానికి వచ్చాను."

"ఏం రాస్తావు?"

"మీరు చెప్పింది."

"నేనేం చెప్పలేదే."

"అదే రాసుకుంటాను."

ఆయనకు నవ్వు వచ్చింది. పొన్నమ్మ తమ ఊరి పిల్లల సంగతి ఇంగ్లీషులో చెప్పింది, అలీ తెలుగులో చెప్పాడు. ఆదినారాయణ రెడ్డి చివరిదాకా విన్నాడు. మళ్లీ నా వైపు తిరిగాడు.

"నీకు కూతురుందా సామీ?"

"ఉంది. వేదవతి."

"ఏం సదువుతాంది?"

"థర్డ్ ఫారం."

"తర్వాత?"

"ఫోర్త్ ఫారం."

"అయితే సరే. సామి బిడ్డ పోతాంటే మా పిల్ల పోతే ఏం? రాసుకో."

రాసుకున్నాను. థర్డ్ తర్వాత వచ్చేది ఫోర్తే. అబద్ధం చెప్పలేదు.

మార్చి 14

వేదవతి పెండ్లి పోయిన దీపావళికే ఖాయమైంది. నా భార్య రుక్మిణి అన్నగారు త్రివిక్రమరావు, పులివెందుల తాలూకాఫీసులో గుమాస్తా. ఆయన కొడుకు విశ్వేశ్వరయ్యకు ఇస్తామని మాట ఇచ్చాను. కుర్రవాడు మంచివాడే. పరీక్షలు రాయనిచ్చి బడి మానిపించాలి.

ఇది మరిచిపోయి నిన్న అలా చెప్పలేదు. ప్రశ్న తరగతి గురించి, పెండ్లి గురించి కాదు.

మార్చి 20, ఆదివారం

వంకమర్రి తూర్పు వీధి. నారాయణ రెడ్డి మాట్లాడలేదు. ఆయన భార్య వనజమ్మ తలుపు వెనక నుంచి మాట్లాడింది.

"ఆ పడమరింటి పిల్ల పోతాందా?"

నిర్మలమ్మ, "పోతుందమ్మా" అంది.

"ఎన్నో తరగతిదాకా?"

"వాళ్లు చెప్పలేదు."

"మా పిల్ల దానికన్నా రెండు ఎక్కువే సదువుతాది. రాసుకోమను ఆ సామిని."

దారిలో పొన్నమ్మ నోటుబుక్కులో ఏదో రాసుకుంది. ఏమని అడిగాను. జాఫ్నాలో ఈ పద్ధతి తెలియదని రాసుకుందట.

మార్చి 29

షాపుకు మఫ్టీలో కానిస్టేబుల్ వచ్చాడు. తువాలు బేరం చేస్తూ అడిగాడు.

"ఏమప్పా, ఆ సిలోన్ ఆమె ఏం చేస్తాంది?"

"ఆడపిల్లలను బడికి పంపమని తండ్రులను అడుగుతోంది."

"అది కాకుండా?"

"తల్లులను కూడా అడుగుతోంది."

"రాజకీయం ఏమన్నా?"

"ఆమెకు తెలుగు రాదు."

రాసుకున్నాడు. తువాలు కొనలేదు.

ఏప్రిల్ 3, ఆదివారం

పులివెందుల వెళ్లాను. త్రివిక్రమరావుతో ఒక మాట చెప్పాలని. ముద్దనూరు దగ్గర బస్సు గంట ఆగింది. ఆ సంగతి చెప్పాను. మంచి బస్సులు వేయడం లేదని ఆయన అన్నాడు. భోజనం చేశాము. మే 11, వైశాఖ బహుళ పంచమి ముహూర్తమని పంచాంగం చూపించాడు. చూశాను.

చెప్పాలనుకున్న మాటకు సందర్భం రాలేదు.

ఏప్రిల్ 10, ఆదివారం

పట్టీలో పదకొండు మంది తండ్రులు. ఆరుగురు నన్ను అదే ప్రశ్న అడిగారు. అదే జవాబు చెప్పాను. ఇప్పుడు నోటికి సులభంగా వస్తోంది.

ఏప్రిల్ 14

వేదవతి పరీక్షలు అయిపోయాయి. ఎలా రాసిందో అడగలేదు. ఆమె చెప్పలేదు. మాట తక్కువ, నా పోలిక.

ఏప్రిల్ 17, ఆదివారం

పులివెందుల. సందర్భం రాలేదు. ఎండ ఎక్కువ.

ఏప్రిల్ 20

కరపత్రం అచ్చయింది. "ఈ జూన్‌లో ఆడపిల్లలను హైస్కూలుకు పంపుతున్న తండ్రులు" అని పైన, కింద పదకొండు పేర్లు. ఎవరి పేరు ముందు వేయాలని అడిగితే అకారాది క్రమం అన్నారు ముగ్గురూ. అన్ని దేశాల్లోనూ అదే న్యాయమైన పద్ధతి అని పొన్నమ్మ. ఆ లెక్కన ఆదినారాయణ రెడ్డి మొదట, నారాయణ రెడ్డి ఏడోవాడు.

వంకమర్రిలో ఏమవుతుందో నాకు తెలుసు. నన్ను ఎవరూ అడగలేదు. రాత వరకే నా పని.

ఏప్రిల్ 22

వేదవతి కరపత్రం చదివింది. మడిచి తిరిగి ఇచ్చింది.

"నీ పేరు లేదే నాయనా."

"నేను రాసేవాడిని."

"ఊ" అని లోపలికి వెళ్లింది.

ఏప్రిల్ 23

నారాయణ రెడ్డి షాపుకు వచ్చాడు. కరపత్రం గల్లాపెట్టె మీద పెట్టి ఏడో పేరు మీద వేలు పెట్టాడు.

"ఇదేంది?"

"మీ పేరు."

"నా పేరని తెలుసులే. దీని మీద ఆరుగురుండారు. అందరికన్నా పైన ఆయప్ప ఉండాడు. వాని కాళ్లకాడ కూసోబెట్టినారు నన్ను. మా పిల్ల రాదు. మా వీధి పిల్లలు నలుగురూ రారు."

అకారాది క్రమం అని చెప్పాను.

"ఎవడు పెట్టినాడు ఆ క్రమం?"

కరపత్రం గల్లాపెట్టె మీదే వదిలి వెళ్లాడు.

ఏప్రిల్ 25

శుభలేఖలు అదే ప్రెస్సులో అచ్చుకు ఇచ్చాను. చి.సౌ. వేదవతి. ప్రూఫు చూశాను. తప్పులు లేవు.

ఏప్రిల్ 26

జమ్మలమడుగులో ముగ్గురూ దిగులుగా ఉన్నారు. అలీ ఉపవాసంతో సైకిలు మీద వంకమర్రికి మూడుసార్లు తిరిగాడు. నారాయణ రెడ్డి పేరు ముందు వేస్తే ఆదినారాయణ రెడ్డి తన వీధి అయిదుగురిని ఆపేస్తానన్నాడు. పదకొండులో తొమ్మిది ఆ ఊరివే. మిగిలిన ఇద్దరి కోసం హాస్టలు తెరవలేరు.

అలీ అన్నాడు: "రెండు కరపత్రాలు వేద్దాం మామా. పడమరకొకటి, తూర్పుకొకటి."

"సాయంత్రానికి రెండూ ఒకే టీ అంగట్లో ఉంటాయి" అన్నాను.

పేర్లు గుండ్రంగా వేద్దామని పొన్నమ్మ అంది, మొదలూ చివరా లేకుండా. ప్రెస్సులో అడిగి వచ్చారు. అచ్చులు గుండ్రంగా తిరగవట.

నిర్మలమ్మ నన్ను అడిగింది. "మీరు చెప్పండి రామచంద్రయ్యగారూ. మీకు వీళ్లు ఇరవై ఏండ్లుగా తెలుసు."

అడిగింది కాబట్టి చెప్పాను. ఇద్దరికీ పైన మూడోవాడి పేరు ఉండాలి. ఆ ఊరివాడు కాకూడదు, ఏ పక్షమూ కాకూడదు. వాని కింద వీళ్లిద్దరూ పక్కపక్కన, ఒకే వరుసలో. ఎడమ పక్క ఆదినారాయణ రెడ్డి, ముందు చదివేది ఆయననే అని ఆయనకు చెప్పాలి. కుడి పక్క నారాయణ రెడ్డి, కుడి చేతి వైపు కూర్చోబెట్టామని ఆయనకు చెప్పాలి. విడివిడిగా చెప్పాలి.

ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

ఏప్రిల్ 28

వంకమర్రి. సెలవు పెట్టి వెళ్లాను. నారాయణ రెడ్డి కుడి పక్కకు ఒప్పుకున్నాడు. ఆదినారాయణ రెడ్డి ఎడమ పక్కకు ఒప్పుకున్నాడు.

"పైన ఎవరిని పెడతాండావు?" అన్నాడు ఆదినారాయణ రెడ్డి.

"ఇంకా అనుకోలేదు."

"అనుకునేదేముంది సామీ. ఈ మాట తెచ్చింది నువ్వు. బిడ్డ ఫోర్త్ ఫారం పోతాందని మొదట చెప్పింది నువ్వు. నీ పేరు పైనుంటే నాకేం నామోషీ లేదు. వానికీ ఉండదు."

తూర్పు వీధిలో కూడా అదే మాట అన్నారు. ఆ ఇద్దరూ ఒకే మాట అనడం ఎన్నికల తర్వాత ఇదే మొదటిసారని అలీ సంతోషించాడు.

బస్సు కోసం గంటన్నర నిలబడ్డాను. నా పేరు వేయనంటే తొమ్మిది మంది పిల్లలు ఆగిపోతారు. వేస్తే పులివెందుల సంబంధం పోతుంది. ఇంతకన్నా దీని గురించి రాయడానికి లేదు.

ఏప్రిల్ 29

ప్రెస్సుకు కొత్త కాపీ ఇచ్చాను. నా చేత్తోనే రాశాను. "రామచంద్రయ్య, ప్రొద్దుటూరు. కుమార్తె వేదవతి, ఫోర్త్ ఫారం."

ప్రెస్సు ఆయన కళ్లద్దాలు తీశాడు.

"సామీ, ఈ వేదవతి, శుభలేఖలో వేదవతి, ఒకరేనా?"

"ఒకరే."

"శుభలేఖలు కట్టలు కట్టి పెట్టినా. ఇది కూడా అచ్చు వేయమంటావా?"

"వేయి."

ఆయన ఇంకేమీ అడగలేదు. పులివెందుల వెళ్లి ముందుగా చెప్పి రావాలి. ఆదివారం వెళ్తాను.

మే 1, ఆదివారం

ఒంట్లో నలతగా ఉండి వెళ్లలేదు. మధ్యాహ్నానికి తగ్గింది. అప్పటికి బస్సు పోయింది.

మే 4, బుధవారం

నాకన్నా ముందు కరపత్రం పులివెందుల చేరింది. త్రివిక్రమరావు పొద్దున బస్సుకు వచ్చాడు. కాళ్లు కడుక్కోలేదు. రుక్మిణి మంచినీళ్లు తెచ్చి నిలబడింది.

"ఇదేంది బావా?"

"కరపత్రం."

"కరపత్రమని కనపడతాంది. పైన పేరు ఎవరిది?"

"నాది."

"ఈ ఊళ్లో ఇంకో రామచంద్రయ్య ఉండాడేమో అనుకుంటి బస్సులో."

"ఈ వీధిలో లేడు."

"ఏడు దినాలుంది ముహూర్తం."

"తెలుసు."

"శుభలేఖలు అచ్చయినాయి."

"అదీ తెలుసు."

"రెండు అచ్చు వేయించినావు. ఏది నిజం?"

 

"తర్వాత అచ్చయినది" అన్నాను.

రుక్మిణి అంది: "పెండ్లి చేసి సదివించకూడదా అన్నా?"

"కోడలు బడికి పోతే ఇంట్లో కుండ ఎవరు దించుతారు రుక్కూ, మీ వదిన నడుము నొప్పితో లేవలేకపోతాంటే?" నా వైపు తిరిగాడు. "రెండుసార్లు వచ్చినావు మా ఇంటికి. బస్సుల గురించి మాట్లాడినావు. ఎండ గురించి మాట్లాడినావు. ఇది నోటికి రాలేదే."

రాలేదని చెప్పాను. అది నిజం. తప్పు నాదే అని కూడా చెప్పాను. అదొక్కటి తడబడకుండా చెప్పాను.

"నీకు మాటంటే లెక్క లేదు బావా, అచ్చంటేనే లెక్క" అని లేచాడు. నీళ్లు తాగకుండా వెళ్లాడు. పదిన్నర బస్సు దొరికి ఉండదు.

మే 5

రుక్మిణి మాట్లాడడం లేదు.

మే 6

లేదు.

మే 8, ఆదివారం

మాట్లాడింది. అన్నం వడ్డిస్తూ.

"సంబంధం పోయిందని కాదు నాకు. మా అన్న కోపం ఎట్లో తీర్చుకుంటా. ప్రెస్సాయనకు తెలుసు. వంకమర్రి రెడ్లకు తెలుసు. ఆ సిలోన్ పిల్లకు కూడా తెలుసు. పొయ్యికాడ ఉండేదాన్ని, నాకు యాడ తెలిసింది? మా అన్న చేతిలో కాగితం చూసినాక."

పప్పు బాగుందని అన్నాను.

"నేనేం అడుగుతాండా, మీరేం చెప్తాండారు?"

తప్పే అన్నాను. ఈ వారంలో రెండోసారి.

మే 11, బుధవారం

షాపుకు వెళ్లాను. మామూలుగానే గడిచింది.

మే 12

ఆదినారాయణ రెడ్డి వచ్చి పంచెలు చూశాడు. పది పంచెలు విప్పించాడు.

"నిన్న మీ ఇంట్లో పెండ్లనిరి ఎవరో."

"జరగలేదు."

"అయితే సరే" అని లేచిపోయాడు. ఒక్క పంచా తీసుకోలేదు.

మే 24

రంజాన్. మౌలాలి సేమియా పంపాడు. రుక్మిణి తాకకపోయినా వేదవతి తిన్నది. నేను కూడా.

మే 29, ఆదివారం

పొన్నమ్మ ఈ దేశంలో ఉండే పర్మిటు ఎల్లుండితో ముగుస్తుంది. ముద్దనూరు స్టేషనులో రైలు ఎక్కించాము. మద్రాసు, అక్కడి నుంచి జాఫ్నా. రెండో కరపత్రం పది కాపీలు తీసుకుంది. తమ ఊళ్లోనూ ఇద్దరు ఉన్నారట, ఒక బావి దగ్గర తగాదా. వాళ్ల పేర్లు ఎడమ కుడి పక్కల వేసి చూస్తానని నిర్మలమ్మతో చెప్పించింది. పైన ఎవరిని పెడతావు అని అడిగాను. దొరకాలి అంది.

వచ్చే ఏడు అలీ బళ్లారి పోతాడు. బళ్లారికి కరపత్రం కన్నడంలో రాయాలి. నాకు కన్నడం రాదు. నేర్చుకోవచ్చు.

జూన్ 6

జమ్మలమడుగు హాస్టలు తెరిచారు. పదకొండు మంది అనుకున్నాము, పన్నెండు మంది వచ్చారు. నారాయణ రెడ్డి ఇద్దరు కూతుళ్లనూ దించి వెళ్లాడు. ఆదినారాయణ రెడ్డి కూతురు ఒక్కతే. ఆయనకు రెండో కూతురు లేదు. తమ్ముడి కూతురిని వచ్చే వారం పంపుతానని కబురు చేశాడు.

నిర్మలమ్మ నా చేత హాజరు పట్టీ గీయించుకుంది. వరుస ఎలా వేయాలని అడిగాను. పొడుగును బట్టి అంది. ఈ వరుస మీద తగాదాకు ఆ ఊరి నుంచి ఇంతవరకు ఎవరూ రాలేదు.

జూన్ 12, ఆదివారం

రేపు హైస్కూలు. వేదవతికి పుస్తకాలు తెచ్చాను. బల్ల మీద పెట్టాను. చూసింది.

జూన్ 13, సోమవారం

బడి పదికి. ఎనిమిది గంటలకు వేదవతి జడ వేసుకుని వసారాలో కూర్చుంది. పుస్తకాలు బల్ల మీదే ఉన్నాయి.

"బయలుదేరదామా?" అన్నాను.

కదలలేదు.

"పులివెందులకు ఇస్తామన్నప్పుడు నన్ను అడగలేదు నాయనా. మానిపించినప్పుడు అడగలేదు. కాగితంలో పేరు వేసినప్పుడూ అడగలేదు. ఊరంతా నన్ను గురించి అచ్చులో చదువుకునిరి. నేను కూడా అచ్చులోనే చదువుకుంటి."

ఆమె ఇంత పొడుగు మాట్లాడగా వినడం ఇదే మొదలు. పదకొండు మంది ఇండ్లలో ఒక్కొక్కరినీ రెండేసి సార్లు అడిగాను. తలుపు వెనక ఉన్న వనజమ్మను కూడా అడిగాము. ఈ ఇంట్లో అడగడం మరిచిపోయాను. మరిచిపోయాను అనడం కూడా సరి కాదు. తట్టలేదు.

"ఇప్పుడు అడుగుతున్నాను. పోతావా?"

"ఆలోచించుకుని చెప్తా."

"బడి పదికి."

"తెలుసు."

వంటింట్లో నుంచి రుక్మిణి అంది: "దాన్ని తొందర పెట్టొద్దండి."

నేను చెప్పులు వేసుకుని గడప దగ్గర నిలబడ్డాను. ఎనిమిదిన్నర అయింది. తొమ్మిది అయింది. షాపు తెరిచే వేళ అది. వద్దంటే ఏం చేయాలో అనుకుని చూశాను. వద్దంటే వద్దే. వంకమర్రికి వెళ్లి ఆ మాట కూడా నేనే చెప్పాలి. అది కూడా నా నోటితోనే, అచ్చుతో కాదు. తొమ్మిదిన్నరకు చెప్పులు విప్పాను. నిలబడడం తొందరపెట్టినట్టు ఉంటుందని కూర్చున్నాను.

పదికి పదిహేను నిమిషాలు ఉండగా లేచింది. పుస్తకాలు ఒక్కొక్కటే తిరగేసి చూసి, లెక్కల పుస్తకం మాత్రం వాసన చూసి, చంకలో పెట్టుకుంది.

"పోతా. ఫోర్త్ వరకు. ఫిఫ్త్‌కు మళ్లీ అడగాల."

"అడుగుతాను."

వీధిలో నాకన్నా నాలుగు అడుగులు ముందు నడిచింది. గేటు దగ్గర వెనక్కి చూడలేదు.

షాపుకు వెళ్లేసరికి పదింపావు. షావుకారు గడియారం వైపు చూశాడు. ఇరవై రెండేండ్లలో ఆలస్యం కాలేదు, కారణం ఏమని అడిగాడు.

మా అమ్మాయి ఆలోచించుకుంటూ ఉండింది, కాచుకుని ఉన్నానని చెప్పాను.